అప్‌డేట్: ఏడో నెలలో కొలెస్ట్రాల్ 268, స్టెరాల్ పౌడర్ తాగొచ్చా అని అడిగింది నేనే

పాప పుట్టి నాలుగు నెలలైంది, ఇప్పటికి తీరిక దొరికింది. రిపోర్టులో 268 చూసి హడలిపోయి, మా ఆడపడుచు తెచ్చిచ్చిన ప్లాంట్ స్టెరాల్స్ (మొక్కల్లో ఉండే, కొలెస్ట్రాల్ తగ్గించే పదార్థాలు) పౌడర్ తాగొచ్చా అని అడిగాను కదా. తాగలేదు. డాక్టరమ్మ డబ్బా తిప్పి, వెనక చీమ తలకాయంత అక్షరాల మీద వేలు పెట్టి చూపించారు: గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదు అని. అంతవరకు ఇంట్లో ఒక్కరం చదివితే ఒట్టు!

కడుపుతో ఉన్నప్పుడు కొలెస్ట్రాల్ పెరగడం మామూలేనట. బిడ్డ కణాలకీ, హార్మోన్లకీ అదే ముడిసరుకు. ఈ స్టెరాల్స్ పేగుల్లోనే కొలెస్ట్రాల్ ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. రోజుకు 2 గ్రాములు తీసుకుంటే చెడ్డ కొలెస్ట్రాల్ సుమారు 10 శాతం దాకా తగ్గుతుంది. మరి నువ్వులు, పల్లీల్లోనూ ఉంటాయిగా, మానేయాలా అంటే నవ్వేశారు. వాటిలో ఉండేది కొంచెమే, హాయిగా తినమన్నారు. పల్లీ చట్నీ లేకపోతే నాకు ఇడ్లీ గొంతు దిగదు మరి.

పాపకీ ఎక్కువుంటుందేమోనని ఇంకో టెన్షన్. అప్పుడే పుట్టిన పిల్లల్లో తల్లి కంటే బాగా తక్కువే ఉంటుందట, బొడ్డుతాడు రక్తంలో 70 అటూఇటూగా.

మొన్న కూకట్‌పల్లిలో ఇంటి దగ్గరి ల్యాబ్‌లో మళ్లీ చేయించాను: 196. డబ్బా మాత్రం ఇప్పుడు మా మామయ్యగారి దగ్గరుంది.