‘సరిపోతుంది’ అంటే ఏది సరిపోతుంది?

ప్రశ్న: అక్వేరియం కింద ఉండే సంప్ నుంచి నీటిని మళ్లీ పైతొట్టికి పంపే రిటర్న్ లైన్ గురించి తెలుగులో రాస్తున్నాను. ఫిట్టింగులు ‘మ్యాచ్’ కావాలి అనాల్సిన ప్రతిచోటా ‘సరిపోవాలి’ అనే వస్తోంది. ఇంకో మంచి క్రియ ఉందా? రిటర్న్ లైన్‌ని ‘తిరుగు గొట్టం’ అనొచ్చా?

జవాబు: అన్నిటికీ ఒకే క్రియ వెతకడంతోనే చిక్కు వస్తోందండీ. గొట్టం సరిపోయిందంటే పొడవు చాలిందనా, సాకెట్‌లో ఇమిడిందనా, పంపు తోసే నీటికి తగిన వెడల్పు ఉందనా? మూడర్థాలూ వస్తాయి. జాయింటును బట్టి మాట మార్చి చూడండి. మరలున్న ఫిట్టింగు అయితే మర పట్టాలి. సొల్యూషన్ (పీవీసీని అతికించే జిగురు) రాసే పీవీసీ గొట్టం సాకెట్‌లోకి దిగి అతుక్కోవాలి. మెత్తటి గొట్టం బార్బు (గొట్టం ఊడకుండా గాట్లున్న మొన) మీదికి బిగుతుగా ఎక్కాలి.

మరల దగ్గర ‘పట్టాలి’ ఒక్కటే చాలదు. గొట్టాల మరలకు ఎన్‌పీటీ (అమెరికాది), బీఎస్‌పీ (బ్రిటన్‌ది) అని రెండు ప్రమాణాలున్నాయి. అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. అందుకే ఒకదాన్ని ఇంకోదాంట్లో పెట్టి చేత్తో తిప్పితే ఇట్టే పట్టేస్తుంది. కానీ ఎన్‌పీటీ మర కోణం 60 డిగ్రీలు, బీఎస్‌పీది 55. పైగా ఎన్‌పీటీ మర కొసకు సన్నబడుతుంది, బీఎస్‌పీలో సన్నబడని సమాంతర మర కూడా ఉంది. పట్టినంత మాత్రాన సరిగ్గా బిగియదు, టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా కారే ప్రమాదం పోదు. అంగుళం సైజులో ఎన్‌పీటీకి 11.5 చుట్లు, బీఎస్‌పీకి 11 కాబట్టి కాస్త తిరగ్గానే మొరాయిస్తుంది. అదే నయం, తప్పు ముందే తెలిసిపోతుంది! మీరు ‘సరిపోతుంది’ అని రాస్తే చదివేవారు మర పట్టగానే పనైపోయిందనుకుంటారు. ‘పట్టి, బిగియాలి’ అనండి.

తిరుగు టపా, తిరుగు ప్రయాణం ఉన్నాయి కాబట్టి ‘తిరుగు గొట్టం’ తప్పు కాదు. కానీ గిరగిరా తిరిగే గొట్టం అనుకునేవారూ ఉంటారు. రిటర్న్ లైన్ అనే ఉంచి, మొదటిసారి వివరిస్తే చాలు.

ఇంకొకరు: ‘స్లిప్’ ఫిట్టింగుని (మరలు లేకుండా సొల్యూషన్‌తో అతికేదాన్ని) మాత్రం ‘జారుడు’ అనకండి. అది నమ్మి సొల్యూషన్ రాయకుండా తోసేస్తే, పంపు వేశాక ఊడొచ్చి నీళ్లు నేలపాలు. ‘అతుకు సాకెట్’ నయం. మేల్, ఫీమేల్ అన్నవాటికి బయటి మర, లోపలి మర ఎలాగూ ఉన్నాయి.

అడిగినవారు: బాగుంది. మరి ‘అంగుళం గొట్టం’ అంటే అందరికీ ఒకటే అర్థమవుతుందా?

జవాబు: కాదు. షెడ్యూల్ 40 (గొట్టం గోడ మందాన్ని చెప్పే అమెరికన్ కొలత) పీవీసీలో అంగుళం అన్నది పేరు మాత్రమే, బయటి వ్యాసం 33.4 మి.మీ. ఉంటుంది. 32 మి.మీ. మెట్రిక్ సాకెట్‌లోకి అది దిగదు. మెత్తటి గొట్టాల్లో అంగుళం అంటే సాధారణంగా లోపలి వ్యాసం. ‘సైజు’ అని వదిలేయకుండా లోపలిదో, బయటిదో ప్రతిసారీ రాయండి.