క్రియాటినిన్ పెరిగిందని బీపీ మాత్ర మానేశాను. ముందు చెడింది కిడ్నీయా, బీపీయా?

అప్పడాల కొట్టు, బరంపురం

అందరికీ నమస్కారం. మాది బరంపురం. మా తాతగారి నాటి నుంచీ అప్పడాలు, ఊరగాయల వ్యాపారం. నా వయసు 51. షుగర్ లేదు, చుట్ట బీడీ అలవాట్లు లేవు. మొన్న ఠాకురాణీ జాతర రోజుల్లో కొట్లో కళ్ళు తిరిగితే చూపించుకున్నాను. బీపీ 170/104, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే పెరిగే అంకె) 1.5. టెల్మిసార్టాన్ 40 అనే బీపీ మాత్ర రాశారు. మూడు వారాలకు మళ్ళీ చూస్తే బీపీ 138కి దిగింది గానీ క్రియాటినిన్ 1.7 అయింది. ఆ కాగితం చూడగానే కాళ్ళు ఆడలేదు. మందే కిడ్నీని తినేస్తోందనుకుని మాత్ర మానేశాను. పద్దెనిమిది రోజులైంది. ఇంట్లో కూడా చెప్పలేదు. పొద్దున్నే అందరి ముందూ మాత్ర చేతిలోకి తీసుకోవడం, తర్వాత పెరట్లో పారేయడం.

నా భయానికి కారణం ఉంది. మా ఆవిడ పుట్టిల్లు కవిటి. ఆ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుల సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. మా పెద్ద బావమరిది కొబ్బరి తోటల్లో పనిచేసిన మనిషి, నాలుగేళ్ళు డయాలసిస్ మీద ఉండి పోయాడు. చిత్రం ఏమిటంటే ఆయనకి షుగర్ లేదు, బీపీ కూడా చాలాకాలం మామూలుగానే ఉండేది.

నాకు ఒక డాక్టరుగారు 'బీపీ వల్ల కిడ్నీ దెబ్బతింది' అన్నారు. ఇంకొకరు 'కిడ్నీ వల్లే బీపీ వచ్చి ఉండొచ్చు' అన్నారు. రెండూ ఎలా నిజమవుతాయండీ? మా తమ్ముడి కొడుకు ఇంకోటి చూపించాడు. ఉమ్మి సీసాలో పట్టి పంపితే కిడ్నీ జబ్బు వస్తుందో రాదో జన్యువులు చూసి చెప్తారట. పన్నెండు వేలు. నాకిద్దరు ఆడపిల్లలు. చేయించమంటారా?

గుణుపురం కోడలు

అన్నయ్యా, ముందు ఆ మాత్ర సంగతి డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పండి. తర్వాత మాట్లాడుకుందాం జన్యువుల గురించి. మా ఆయన ఇలాగే దొంగతనంగా మానేశారు. బీపీ 200 దాటేదాకా మాకు తెలియలేదు.

ఇంకోటి. ఎవరైనా 'సోడియం తక్కువ ఉప్పు వాడు' అని ప్యాకెట్ చేతిలో పెడితే తీసుకోకండి. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీ తగ్గినవాళ్ళకి, అందులోనూ మీరు చెప్పిన రకం మాత్ర వేసుకునేవాళ్ళకి, పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండెకే ముప్పు. మాకు ఇది ఆలస్యంగా తెలిసింది. మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో అడిగి కొనుక్కునే బిళ్ళలూ వద్దు.

పర్లాకిమిడి కుర్రాడు (కిడ్నీ కణాల మీద పరిశోధన)

బాబాయ్ గారూ, నేను డాక్టర్ని కాను. మందు మార్చమని, మానమని చెప్పను. నా పని ల్యాబులో. ఆ పనిలో మీ ప్రశ్న రోజూ ఎదురవుతుంది కాబట్టి రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

మీ ఇద్దరు డాక్టర్లూ నిజమే చెప్పారు. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల జల్లెడలుంటాయి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్లు వడగట్టి, నూటికి 99 పాళ్ళు మళ్ళీ లోపలికి లాగేసుకుంటాయి. ఉప్పు ఎంత లాగాలి, ఎంత వదలాలి అన్న లెక్కలోనే బీపీ ఉంది. ఆ లెక్క తప్పితే బీపీ పెరుగుతుంది. పెరిగిన బీపీ సన్న రక్తనాళాల్ని గట్టిపరిచి కొన్ని జల్లెడల్ని మూసేస్తుంది. మిగిలినవాటి మీద బరువు పడుతుంది, ఉప్పు ఇంకా నిలవ ఉంటుంది. ముందు ఏది మొదలైందో చాలామందిలో ఎవరూ చెప్పలేరు.

కిడ్నీ వైపు నుంచి కథ మొదలు కావచ్చని నాకు నమ్మకం కలిగించింది 1983లో అమెరికాలో అచ్చయిన ఒక చిన్న అధ్యయనం. బీపీ వల్లే కిడ్నీలు పోయాయనుకున్న ఆరుగురికి, బీపీ లేని దాతల కిడ్నీలు పెట్టారు. ఏళ్ళ తర్వాత చూస్తే ఆరుగురికీ బీపీ మామూలైంది. మనిషి అదే, గుండె అదే, మారింది కిడ్నీ. ఆరుగురే కదా అని మీరనొచ్చు. యేల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లిఫ్టన్ బృందం ఇంకో దారిలో వచ్చింది. వంశపారంపర్యంగా విపరీతమైన బీపీ వచ్చే, లేదా బీపీ మరీ పడిపోయే అరుదైన కుటుంబాల్లో తప్పిన జన్యువుల్ని వెతికారు. ఏది పట్టుకున్నా దాదాపు అన్నీ కిడ్నీ గొట్టాల్లో ఉప్పుని లోపలికి లాగే తలుపుల దగ్గరికే తీసుకెళ్ళాయి.

నేను చూసేది యూరోమాడ్యులిన్ అనే ప్రొటీన్. మన మూత్రంలో మామూలుగా ఎక్కువగా ఉండే ప్రొటీన్ ఇదే. 1950లోనే టామ్, హోర్స్‌ఫాల్ దీన్ని వేరుచేశారు. 2009లో వేలమంది జన్యువులు పోల్చినప్పుడు దీని జన్యువులో ఒక చిన్న తేడాకీ కిడ్నీ జబ్బుకీ లంకె కనబడింది. 2013లో ఎలుకల్లో ఈ ప్రొటీన్ ఎక్కువ తయారయ్యేలా చేస్తే ఉప్పు లాగే తలుపు మరీ చురుగ్గా పనిచేసి బీపీ పెరిగింది, కిడ్నీ కూడా దెబ్బతింది. మూత్రం ఎక్కువ పోయేందుకు ఇచ్చే లాసిక్స్ మాత్రలోని మందు మూసేది సరిగ్గా ఆ తలుపునే.

ఇప్పుడు మీ పన్నెండు వేలు. యూరప్ జనంలో చూస్తే ఎక్కువమందికి ఉన్నది ఈ 'రిస్క్' రకమే! అదే ఎక్కువమందికి ఉంటే, మీకు ఉందని కాగితం వస్తే ఏం చేసుకుంటారు? బాగా పేరున్న ఇంకో జన్యువు ఏపీఓఎల్1. దాని ప్రమాదకరమైన రకాలు పశ్చిమాఫ్రికా మూలాలున్నవారిలో ఉంటాయి. చిన్న వయసులోనే ఇంట్లో ముగ్గురు నలుగురికి వచ్చినా, స్కానింగ్‌లో కిడ్నీల నిండా నీటి బుడగలు కనబడినా జన్యుపరీక్ష అవసరమే. అది డాక్టరు రాయాలి, ఉమ్మి సీసా కాదు.

మీ 1.7 సంగతి. జల్లెడలోకి ఒక గొట్టం వస్తుంది, ఒకటి పోతుంది. యాంజియోటెన్సిన్ అనే పదార్థం ఆ పోయే గొట్టాన్ని బిగిస్తుంది, జల్లెడలో ఒత్తిడి పెరుగుతుంది. టెల్మిసార్టాన్ ఆ బిగువు సడలిస్తుంది. ఒత్తిడి తగ్గి వడపోత కాస్త తగ్గుతుంది, క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. పొటాషియం సరిగ్గా ఉంటే 30 శాతం దాకా పెరుగుదలని డాక్టర్లు మామూలుగా ఓర్చుకుంటారు. మీది 13 శాతం. (ఈ దారిలో వచ్చిన మొదటి మాత్ర క్యాప్టోప్రిల్. దాని ఊహ బ్రెజిల్ పాము విషంలోంచి పుట్టింది. విషం బీపీని పడగొడుతుంది కదా, ఎలా అని వెతికారు.)

బావమరిదిగారిది వేరే జబ్బు. ఉద్దానంలో ఎక్కువగా దెబ్బతినేది జల్లెడ కాదు, దాని వెనక గొట్టాలూ వాటి చుట్టూ ఉండే కండా. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, బీపీ మామూలుగానే ఉండొచ్చు. నీళ్ళు, ఎండలో పని, పురుగుమందులు, అన్నిటి మీదా అనుమానాలున్నాయి, కారణం తేలలేదు. అందుకే అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆయన మీ రక్తం కాదు. కవిటి నీళ్ళు తాగి పెరిగింది పిన్నిగారు. ఆవిడ క్రియాటినిన్ ఎప్పుడైనా చూశారా?

అప్పడాల కొట్టు, బరంపురం

బాబూ, నీ చివరి మాట దగ్గర ఆగిపోయాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడకి ఒక్కసారీ చేయించలేదు.

డాక్టరుగారికి ఫోన్ చేశాను. తిట్టారు. మాత్ర మళ్ళీ వేసుకోమన్నారు, వారం తర్వాత క్రియాటినిన్, పొటాషియం చూపించమన్నారు. పొద్దుటి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా చూస్తారట, అది నాకు ఇంతవరకూ చేయలేదు. మూడు నెలలు గడిచాక గానీ దీర్ఘకాలిక కిడ్నీ జబ్బని తేల్చరట. రోజు మొత్తానికి ఉప్పు ఒక చెంచాకి మించకూడదని చెప్తే నవ్వొచ్చింది. నాలుగు అప్పడాలు నంజుకోకపోతే నాకు ముద్ద దిగదు. అప్పడాల సోడాలోనూ సోడియమేనట, అది నాలుకకి తెలియదు కదా.

మాత్ర దాచిన సంగతి మా ఆవిడకి రాత్రి చెప్పేశాను. ఆవిడ మాట్లాడలేదు. పొద్దున లేచేసరికి గూట్లో రెండు సీసాలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఒకదాని మూత మీద నా పేరు రాసుంది.