రక్తపు వాంతులకి ట్రానెక్సమిక్ యాసిడ్: రివ్యూ ఒకటి చెప్తోంది, పెద్ద ట్రయల్ ఇంకొకటి. దేన్ని నమ్మాలి?

మెడిసిన్_పీజీ

నమస్కారం. రక్తపు వాంతులతోనో నల్లటి విరేచనాలతోనో వచ్చిన పెద్దవాళ్లకి ట్రానెక్సమిక్ యాసిడ్ (రక్తస్రావం ఆపడానికి ఇచ్చే మందు) ఇవ్వాలా వద్దా అన్నది నా జర్నల్ క్లబ్ (పేపర్లు చదివి చర్చించే క్లాసు) ప్రశ్న. పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్ల డేటాబేస్) కొడితే పేపర్లు కుప్పలుగా వస్తున్నాయి. పక్కనున్న ఆర్‌సీటీ (చీటీ తీసినట్టు పేషెంట్లని గ్రూపులుగా పంచి చేసే ట్రయల్) ఫిల్టర్ పెడితే అంతకుముందు కనిపించిన కొన్ని ట్రయల్స్ మాయమవుతున్నాయి. దొరికినవాటిలో రెండింటికి పొసగడం లేదు. 2014 కాక్రేన్ రివ్యూ (అప్పటిదాకా వచ్చిన ట్రయల్స్ వెతికి కలిపి లెక్కేసినది) మరణాలు తగ్గుతాయంటోంది, రిస్క్ రేషియో 0.60, అంటే మందు వైపు మరణాల రిస్క్ 40 శాతం తక్కువ. 2020లో లాన్సెట్‌లో వచ్చిన హాల్ట్-ఐటీ ట్రయల్ తేడా లేదంటోంది. ఆధారాల బలాన్ని వరసపెట్టే పిరమిడ్‌లో ఇలాంటి సిస్టమాటిక్ రివ్యూ పైన, ఆర్‌సీటీ కింద కదా, మరి రివ్యూనే పట్టుకోవాలా? సెర్చ్ ఎలా చేయాలో, ఈ రెండింటినీ ఎలా తూచాలో చెప్పగలరు.

లైబ్రరీ_కౌంటర్

సెర్చ్ సంగతి నేను చెప్తాను, లెక్కల సంగతి వేరేవాళ్లు చూస్తారు.

ప్రశ్నని పికోలో పెట్టండి: ఎవరిలో, ఏ మందు, దేనితో పోల్చి, ఏ ఫలితం. నాలుగూ కాగితం మీద రాసుకోండి, సెర్చ్ బాక్సులో మాత్రం మొదటి రెండే వేయండి. ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు), మరణం లాంటి మాటలు కూడా కలిపితే అబ్‌స్ట్రాక్ట్‌లో (పేపర్ ముందుండే సారాంశం) ఆ మాట లేని పేపర్లన్నీ జారిపోతాయి. ముఖ్యంగా మందు వల్ల జరిగే నష్టాలు అబ్‌స్ట్రాక్ట్‌ దాకా రావడమే తక్కువ.

పేషెంట్ వైపు గ్యాస్ట్రోఇంటెస్టైనల్ హెమరేజ్ అన్న మెష్ హెడ్డింగ్ (పేపర్లకి పబ్‌మెడ్ తగిలించే విషయం పేరు) వేసి, ఆర్ (OR) పెట్టి, టైటిల్/అబ్‌స్ట్రాక్ట్ ట్యాగ్‌తో మామూలు మాటలు చేర్చండి: హెమటెమెసిస్ (రక్తపు వాంతులు), మెలీనా (నల్లటి విరేచనాలు), జీఐ (జీర్ణనాళపు) బ్లీడింగ్. అమెరికన్, బ్రిటిష్ స్పెల్లింగులు రెండూ వేయాలి. ట్యాగ్ తగిలించాక పబ్‌మెడ్ రెండో స్పెల్లింగుని తనంతట తాను వెతకదు. మందుకీ అంతే, మెష్ ఒకటి, మామూలు పేరు ఒకటి. రెండు గుంపులకీ వేర్వేరు బ్రాకెట్లు, మధ్యలో యాండ్ (AND). బ్రాకెట్లు మర్చిపోతే పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి వరసగా లెక్కకట్టుకుంటూ పోతుంది, మీరు అడగనిదేదో వస్తుంది. యాండ్, ఆర్ రెండూ క్యాపిటల్స్‌లోనే ఉండాలి.

మీకు ట్రయల్స్ మాయమవడానికి కారణం చిన్నదే. ఆ ఫిల్టర్ చూసేది రికార్డుకి తగిలించిన పబ్లికేషన్ టైప్‌ని. ఇంకా ఇండెక్స్ కాని కొత్త పేపర్‌కి ఆ ముద్ర ఉండకపోవచ్చు. బదులుగా పబ్‌మెడ్‌లోనే ఉన్న క్లినికల్ క్వెరీస్ పేజీలో థెరపీ ఎంచుకోండి. న్యారో పెడితే పనికిరానివి తక్కువ వస్తాయి, బ్రాడ్ పెడితే పనికొచ్చేవి తక్కువ తప్పిపోతాయి. జర్నల్ క్లబ్‌కైతే బ్రాడ్.

ఇంకో ముక్క. రివ్యూ దొరగ్గానే ప్రచురణ ఏడాదితో ఆగకండి, మెథడ్స్‌లో చివరిసారి ఎప్పుడు వెతికారో చూడండి. ఆ తేదీ తర్వాతవి మీరే వెతుక్కోవాలి. 2014 రివ్యూలో 2020 ఫలితాలు ఎక్కడినుంచి వస్తాయి? క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్, డబ్ల్యూహెచ్‌ఓ ఐసీటీఆర్‌పీ అనే ట్రయల్ రిజిస్ట్రీ సైట్లు కూడా ఓసారి చూడండి. పూర్తయి ఏళ్లయినా ఫలితం ప్రచురించని ట్రయల్స్ కనిపించేది అక్కడే.

ఫారెస్ట్_ప్లాట్

పిరమిడ్‌ని కాసేపు పక్కన పెట్టండి. రివ్యూ బలమంతా అందులో కలిపిన ట్రయల్స్ బలమే.

ఆధారాన్ని ఎంత నమ్మొచ్చో తూచే గ్రేడ్ పద్ధతిలో ఆర్‌సీటీల ఆధారం హై దగ్గర మొదలవుతుంది, ఐదు కారణాల్లో ఏవి తగిలితే వాటిని బట్టి కిందికి దిగుతుంది: రిస్క్ ఆఫ్ బయాస్ (ట్రయల్ చేసిన తీరు వల్ల ఫలితం ఒకవైపు మొగ్గే అవకాశం), ఫలితాల మధ్య పొంతన లేకపోవడం, మన పేషెంట్లకి నేరుగా వర్తించకపోవడం, అంచనా వెడల్పుగా ఉండడం, పబ్లికేషన్ బయాస్ (అనుకూల ఫలితాలే ఎక్కువగా అచ్చవడం). 2014 రివ్యూలో మరణాల లెక్క 8 ట్రయల్స్, సుమారు 1,700 మంది మీద వచ్చింది. మధ్యలో తప్పుకున్నవాళ్లు కొన్ని ట్రయల్స్‌లో ఎక్కువని, అందువల్ల ఖాయంగా చెప్పలేమని రచయితలే రాశారు. అబ్‌స్ట్రాక్ట్‌లో 0.60 దగ్గర కళ్లు ఆపేస్తే ఆ వాక్యం కనపడదు.

మరణాలు 4 శాతం నుంచి 3 శాతానికి తగ్గాయని 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దొరికే అవకాశం) పట్టుకోవాలంటే ఒక్కో వైపు దాదాపు 5,300 మంది కావాలి. ఇక్కడ రెండు వైపులా కలిపినా 1,700. చిన్న ట్రయల్స్‌లో ఐ-స్క్వేర్ (ట్రయల్స్ ఫలితాల మధ్య తేడాకి కొలత) సున్నా వచ్చిందని మురిసిపోకూడదు. ఒక్కోదాని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండగల హద్దులు) అంత వెడల్పుగా ఉన్నప్పుడు అన్నీ ఒకదానితో ఒకటి ఏకీభవిస్తున్నట్టే కనిపిస్తాయి. ఫనెల్ ప్లాట్ (పబ్లికేషన్ బయాస్ ఉందేమో చూసే బొమ్మ) కూడా 10 ట్రయల్స్ కన్నా తక్కువుంటే చెప్పేదేం లేదు.

హాల్ట్-ఐటీలో చేర్చుకున్నది 12,009 మందిని. 10 నిమిషాల్లో 1 గ్రాము, తర్వాత 24 గంటల్లో 3 గ్రాములు. 5 రోజుల్లో రక్తస్రావంతో మరణాలు మందు వైపు 222, ప్లాసిబో వైపు 226. రిస్క్ రేషియో 0.99, ఇంటర్వల్ 0.82 నుంచి 1.18. దీన్ని తేడా లేదు అని ఒక్క మాటలో తేల్చకండి. 4 శాతం బేస్‌లైన్ మీద లెక్కేస్తే వెయ్యి మందిలో 7 మరణాలు తగ్గడం నుంచి 7 పెరగడం దాకా ఏదైనా కావచ్చని అర్థం. 40 శాతం తగ్గుతుందన్న మాటకి మాత్రం ఆ ఇంటర్వల్‌లో చోటు లేదు. సిరల్లో గడ్డలు మందు వైపు 0.8 శాతం, ప్లాసిబో వైపు 0.4 శాతం. అంటే సుమారు 270 మందికి ఇస్తే ఒకరికి అదనంగా నష్టం.

క్లబ్‌లో ఎవరైనా కచ్చితంగా అడిగేది: ప్రైమరీ అవుట్‌కమ్‌ని (ట్రయల్ ముఖ్యంగా కొలిచే ఫలితం) మధ్యలో మార్చారు కదా? మార్చారు. మొదట మొత్తం మరణాలు, తర్వాత 5 రోజుల్లో రక్తస్రావ మరణాలు. ఇలాంటిది కనిపిస్తే మూడు చూడాలి: ఏ గ్రూపులో ఏం జరుగుతోందో తెలియకముందే మార్చారా, కారణం చెప్పారా, పాత అవుట్‌కమ్ కూడా రిపోర్ట్ చేశారా. ఇక్కడ మూడింటికీ జవాబు అవుననే. 28 రోజుల మొత్తం మరణాల్లోనూ తేడా రాలేదు.

ఈ ట్రయల్‌ని పాతవాటితో కలిపిన కొత్త మెటా అనాలిసిస్ (ట్రయల్స్‌ని కలిపి వేసిన లెక్క) దొరికితే ముందు వెయిట్ కాలమ్, అంటే ఏ ట్రయల్‌కి ఎంత బరువిచ్చారో చూడండి. ట్రయల్స్ మధ్య తేడాలున్నప్పుడు ర్యాండమ్ ఎఫెక్ట్స్ మోడల్ చిన్న ట్రయల్స్‌కి వాటి సైజుకి మించిన బరువు ఇస్తుంది, డైమండ్ (బొమ్మలో కలిపిన ఫలితం గుర్తు) అటే జరుగుతుంది. బయాస్ రిస్క్ ఎక్కువున్న ట్రయల్స్ తీసేసి మళ్లీ లెక్కేశారో లేదో కూడా చూడాలి.

క్యాజువాలిటీ_సీనియర్

పైవన్నీ జర్నల్ క్లబ్‌కి సరే. పేషెంట్ ఎదురుగా ఉన్నప్పుడు పబ్‌మెడ్‌తో మొదలుపెట్టడం నా దృష్టిలో తప్పు వరస. ముందు అప్‌టుడేట్, డైనామెడ్, బీఎంజే బెస్ట్ ప్రాక్టీస్ లాంటి, ఆధారాల సారాంశం ఇచ్చే చోట ఆ టాపిక్ తెరవండి. ఆ తర్వాత గైడ్‌లైన్, ఆపైన కాక్రేన్, చివరికే విడి ట్రయల్స్. గైడ్‌లైన్ కవర్ మీద ఏడాది ఏదైనా, మీకు కావాల్సిన సిఫారసు కింద ఏ ట్రయల్స్ ఉదహరించారో చూస్తేనే అసలు వయసు తెలుస్తుంది.

చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సుల్ని స్లైడ్‌లో పెట్టేముందు ఒక్కోదాని పీఎంఐడీ (పేపర్‌కి పబ్‌మెడ్ ఇచ్చే నంబరు) పబ్‌మెడ్‌లో కొట్టి చూడండి. లేని పేపర్లు పుట్టిస్తాయి. ఉన్న పేపర్‌కి లేని ఫలితం అంటగడతాయి కూడా. పేపర్‌ని వెనక్కి తీసుకుని ఉంటే ఆ సంగతీ అక్కడే పైన కనిపిస్తుంది.

మెడిసిన్_పీజీ

అందరికీ థాంక్స్ అండి. ఒక్క డౌట్ మిగిలింది. క్రాష్-2 ట్రయల్‌లో యాక్సిడెంట్ కేసుల్లో ఇదే మందు పనిచేసింది కదా. హాల్ట్-ఐటీలో ఆలస్యంగా ఇచ్చారు కాబట్టే పనిచేయలేదని మా సార్ అంటే ఏం చెప్పాలి?

ఫారెస్ట్_ప్లాట్

ఆ వాదన తీసిపారేయదగ్గది కాదు. క్రాష్-2లో మొత్తం మరణాలు 16.0 నుంచి 14.5 శాతానికి తగ్గాయి, అంటే 67 మందికి ఇస్తే ఒక మరణం తప్పుతుంది. అక్కడే 3 గంటలు దాటాక ఇచ్చినవాళ్లలో రక్తస్రావ మరణాలు 3.1 నుంచి 4.4 శాతానికి పెరిగాయి. టైమ్‌కి విలువ ఉందన్నమాట నిజమే.

అయితే గాయం తగిలిన టైమ్ తెలిసినట్టు కడుపులో రక్తం కారడం మొదలైన టైమ్ తెలియదు. పైగా అక్కడి ఫలితాన్ని ఇక్కడికి తెస్తే గ్రేడ్‌లో నేరుగా వర్తించకపోవడం కింద ఒక మెట్టు దిగాల్సిందే. ఇక సబ్‌గ్రూప్ వాదన (కొందరిని విడదీసి చూసిన ఫలితం) ఎవరు తెచ్చినా ఆ ముక్కలోని పీ వాల్యూ కాకుండా ఇంటరాక్షన్ టెస్ట్ (ముక్కల మధ్య ప్రభావం నిజంగా మారిందా అన్న పరీక్ష) అడగండి, ఆ విభజన ప్రోటోకాల్‌లో ముందే ఉందా అని అడగండి. హాల్ట్-ఐటీలో 3 గంటల్లోపు, తర్వాత అన్న విభజన ముందే అనుకున్నది. రెండింటి మధ్య ప్రభావం మారిందనడానికి ఆధారం రాలేదు. 3 గంటల్లోపు చేరినవాళ్లు తక్కువ కాబట్టి అక్కడ ఇంటర్వల్ వెడల్పు, ఆ సంగతి మీరే ముందు చెప్పేయండి.

స్లైడ్‌లో రిస్క్ రేషియోలకి బదులు వెయ్యి మందికి లెక్క పెట్టండి. రక్తస్రావ మరణాలు ప్లాసిబోతో 38, మందుతో 37. సిరల్లో గడ్డలు 4, 8. ఫిట్స్ 4, 6.