రోప్ తీసేస్తే గోడ ఉడుకుతోంది, వీఎఫ్ఎక్స్ పెయింట్ చేసేవాళ్లు చెప్పండి

వడపళని_వాసి:
అన్నా, చెన్నైలో వీఎఫ్ఎక్స్ ప్రెప్ టీమ్‌లో (షాట్‌లో అక్కర్లేనివి చెరిపే టీమ్) కొత్తగా చేరాను. ఫైట్ షాట్‌లో హీరోకి కట్టిన రోప్ తీసెయ్యాలి. వెనక పెచ్చులూడిన సున్నం గోడ, కెమెరా మెల్లగా పాన్ అవుతోంది. న్యూక్ సాఫ్ట్‌వేర్‌లో రోటోపెయింట్ నోడ్ పెట్టి, పక్క గోడని కాపీ చేసే క్లోన్ బ్రష్‌తో ప్రతి ఫ్రేమూ కొడుతున్నా. ఆపి చూస్తే బాగానే ఉంది, ప్లే చేస్తే రోప్ ఉన్నచోట గోడంతా కుతకుతమంటోంది. లీడ్ ‘బాయిలింగ్’ అని రాసి వెనక్కి పంపారు.

నోడ్_నాయుడు:
క్లోన్ ఒక్కో ఫ్రేమ్‌లో ఒక్కోచోటి నుంచి తీసుకుంటుంటే ఉడక్క ఏం చేస్తుంది తమ్ముడూ? 24 ఫ్రేమ్‌ల లెక్కన 10 సెకన్ల షాట్‌కి 240 ఫ్రేములు. అన్నిట్లో ఒకేలా కొట్టడం ఎవరి చేతా కాదు. మంచి ఫ్రేమ్ ఒకటి చూసి, అదే ఆగి ఉండేలా ఫ్రేమ్‌హోల్డ్ పెట్టు. అందులో రోప్ చెరిపి, ఆ ముక్క వరకే రోటోతో చుట్టూ గీసి కత్తిరించి, ప్రీమల్ట్ చేసి (రంగుని ఆల్ఫాతో, అంటే పారదర్శకత చానల్‌తో గుణించి), గోడ కదలిక ట్రాక్ ఇచ్చి ప్లేట్ (అసలు షూట్ చేసిన ఫుటేజ్) మీద మెర్జ్ చెయ్. గోడ చదునే కాబట్టి నాలుగు మూలలు పట్టి కదిపే కార్నర్‌పిన్ సరిపోతుంది. ట్రాకర్ రిఫరెన్స్ ఫ్రేమూ నువ్వు హోల్డ్ చేసిన ఫ్రేమూ ఒకటే ఉండాలి, లేకపోతే ముక్క పక్కకి జరిగి కూర్చుంటుంది. స్ట్రోక్ లైఫ్‌టైమ్ (గీత ఎన్ని ఫ్రేముల్లో ఉండాలన్నది) ‘ఆల్’లో ఉందో లేదో చూసుకో. సింగిల్‌లో ఉంటే పక్క ఫ్రేమ్‌కి వెళ్లగానే రోప్ మళ్లీ ప్రత్యక్షం.

గ్రెయిన్_గారు:
హోల్డ్ చేసిన ముక్కలో గ్రెయిన్ (ఫుటేజ్‌లో కదిలే సన్నటి నలకలు) కూడా గడ్డకట్టుకుపోతుందండీ. చుట్టూ గోడ మీద గ్రెయిన్ కదులుతుంటే అదొక్కటే బిగుసుకుని కనిపిస్తుంది. ముందు డీగ్రెయిన్ చేసి (గ్రెయిన్ తీసేసి) పెయింట్ చేయండి, తర్వాత ఆ ముక్కకి మాత్రమే గ్రెయిన్ తిరిగి ఇవ్వండి. మొత్తం ప్లేట్‌కి ఇవ్వకండి, క్యూసీలో (క్వాలిటీ చెకింగ్‌లో) దొరికిపోతారు. గ్రెయిన్ కలిసిందో లేదో తెలియాలంటే గామా పెంచి బ్లూ చానల్ ఒక్కటే చూడండి, నాయిస్ మామూలుగా అందులోనే ఎక్కువ.

మారతహళ్లి_మావ:
గోడ వరకు నాయుడన్న మాటే. కానీ రోప్ హీరో చొక్కా మీదుగా పోతోందా? మడతలు క్షణానికోలా మారుతుంటే ప్యాచ్ అతికించినట్టే ఉంటుంది. అక్కడ నేను రివీల్ బ్రష్ వాడతా, టైమ్ ఆఫ్‌సెట్ ఇచ్చి, అంటే వేరే ఫ్రేమ్‌లోని బొమ్మ తెచ్చి. రెండు ఫ్రేముల తర్వాత రోప్ పక్కకి జరిగితే దాని కిందున్న అసలు గుడ్డ దొరుకుతుంది. స్మార్ట్‌వెక్టర్ (గుడ్డ కదలికని లెక్కగట్టి పెయింట్‌ని దాంతోపాటు కదిపేది) ఇంకా సుఖం, కాకపోతే అది మామూలు న్యూక్‌లో రాదు, న్యూక్‌ఎక్స్ లాంటి పై వెర్షన్ కావాలి, మా బెంగళూరు ఆఫీసులో ఆ లైసెన్స్ ఖాళీగా దొరికిన రోజు పండగే. జుట్టు మీద పడితే మాత్రం ఫ్రేమ్ ఫ్రేమూ కొట్టాల్సిందే. అలాంటివి నేను సిల్హౌట్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తా, ఆ పెయింట్ చేతికి బాగా నప్పుతుంది.

టీనగర్_ఎడిటర్:
మేం యాడ్ ఫిల్ములకి ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనే లాగించేస్తాం. కొత్తవాళ్లు కంపోజిషన్ ప్యానెల్‌లో బ్రష్ పడట్లేదని కంగారుపడుతుంటారు. లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి లేయర్ ప్యానెల్‌లో గీయాలి. ఫ్యూజన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే మల్టీస్ట్రోక్ బ్రష్ చాలా వేగం, కానీ ఒకసారి గీశాక ఆ స్ట్రోక్‌ని మార్చలేం.

వడపళని_వాసి:
గోడ కుదిరింది నాయుడన్నా! చొక్కా రేపు రివీల్‌తో చూస్తా. ప్యాచ్ అంచున మాత్రం సన్నగా నల్ల గీత కనిపిస్తోంది.

నోడ్_నాయుడు:
రోటో నోడ్‌లోనే ప్రీమల్టిప్లై ఆన్ చేసి, కింద మళ్లీ ప్రీమల్ట్ నోడ్ తగిలించి ఉంటావు. రెండిట్లో ఒకటి తీసెయ్.