కాలిక్యులేటర్‌లో వచ్చిందే రాస్తే సార్ ఎందుకు కొట్టేసిండు?

ఇంటర్ పోరడు, దిల్‌సుఖ్‌నగర్:
ఇంటర్ ఫస్టియర్ అన్నా. ల్యాబ్‌ల వెర్నియర్‌తో (మిల్లీమీటర్‌ల పదో వంతు దాకా కొలిచే స్కేల్) సిలిండర్ కొలిచిన, పొడవు 4.52 సెం.మీ., వ్యాసం 1.24 వచ్చింది. ఘనపరిమాణం కాలిక్యులేటర్‌ల 5.4584795 వస్తే అట్లనే రాసిన, సార్ ఎర్ర పెన్నుతో కొట్టేసి 5.46 అని రాసిండు. సిగ్నిఫికెంట్ ఫిగర్స్ అంట, అంటే కొలతల నమ్మదగ్గ అంకెలు. ఎక్కువ అంకెలుంటే ఇంకా కరెక్ట్ కదా? పైగా πd²h/4 ఫార్ములాల కింద 4 ఉంది, దానికి ఒక్కటే ఫిగర్, మరి ఆన్సర్ 5 అని రాయాల్నా?

పాత ల్యాబ్ మనిషి:
సార్ చేసింది కరెక్టే తమ్ముడూ. నీ వెర్నియర్ లీస్ట్ కౌంట్, అంటే అది చూపగలిగే అతి చిన్న కొలత, 0.01 సెం.మీ. కదా, చూసేటప్పుడు ఒక్క గీత అటో ఇటో అయి వ్యాసం 1.25 అనుకో, లెక్క చేసి చూడు, 5.55 వస్తది. అంటే రెండో అంకే ఊగుతుంటే నువ్వు ఏడో దశాంశం దాకా రాస్తున్నవ్, అవన్నీ కాలిక్యులేటర్ అల్లిన కథలు 😄 ఆ 4 ఎవరూ కొలిచింది కాదు, ఖచ్చితమైన సంఖ్య, దాన్ని లెక్కలోకి తీసుకోరు. గుణకారం, భాగహారంలో తక్కువ ఫిగర్స్ ఉన్న కొలతని బట్టే జవాబు (నీ రెండు కొలతల్లో మూడేసి, అందుకే 5.46), కూడికలు తీసివేతల్లో మాత్రం దశాంశ స్థానాలు చూడాలి, 12.1 + 3.456 అంటే 15.6. మధ్య స్టెప్పుల్లో రౌండ్ చేయొద్దు, చివర్లోనే.

బంగారం బ్యాలెన్స్:
మా బంగారం షాపు సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో అండి. మిషన్ మీద 8.040 గ్రాములు పడితే బిల్లులో ఆ చివరి సున్నా కూడా రాస్తాం, 8.04 అంటే మిల్లీగ్రాముల దాకా తూచలేదనుకుంటారు. సున్నాకి విలువ లేదన్నోళ్లని మా కౌంటర్ దగ్గర కూర్చోబెట్టాలి.

ఇంటర్ పోరడు, దిల్‌సుఖ్‌నగర్:
ఇప్పుడు సమజైంది. మరి పాయింట్ లేకుండా 1200 అంటే ఎన్ని ఫిగర్స్?

పాత ల్యాబ్ మనిషి:
అదే తిరకాసు, రెండా, మూడా, నాలుగా చెప్పలేం, 1.20 × 10³ అని రాస్తే మూడని తెలుస్తది. ఎవరెస్ట్ ఎత్తుని 1856లో 29,002 అడుగులని ప్రకటించారు, అసలు లెక్క సరిగ్గా 29,000 వస్తే ఉజ్జాయింపుగా చెప్పారనుకుంటారని 2 కలిపారని ఒక కథ ఉంది. 2.9000 × 10⁴ అంటే ఆ గొడవే లేదు, కానీ పేపర్లో అట్ల వేస్తే ఎవడు చదువుతడు!