మూడు షిఫ్టుల ఫ్యాక్టరీలో హెల్త్ క్యాంప్‌కి జనం రావట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మా యూనిట్‌లో 180 మంది. సగం మంది ఒడిశా, బీహార్ వాళ్లు. ఆడవాళ్లు 60 మంది. పొద్దున ఎనిమిదింటికి యోగా, నెలకో క్యాంప్ పెడుతున్నాం. పదిమంది దాటట్లేదు. తప్పు ఎక్కడుందండీ?

జవాబు 1: టైమ్ దగ్గరేనండీ. రాత్రంతా నిలబడి ఆరింటికి షిఫ్ట్ దిగిన మనిషిని ఎనిమిదిదాకా ఆగమనడం అన్యాయం. ప్రతి షిఫ్ట్ చివరి గంటలో, జీతం కోయకుండా పెట్టండి. రాత్రి రెండింటికి అన్నం తిన్నవాళ్లకు పరగడుపు షుగర్ కుదరదు, ఎనిమిది గంటలు ఖాళీ కడుపు కావాలి. హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష అయితే ఏ వేళైనా తీయొచ్చు. 6.5 శాతం, ఆపైన ఉంటే డాక్టరుకు చూపించాలి. అదే రక్తంతో హిమోగ్లోబిన్ కూడా చూడమనండి. ఐరన్ తక్కువుంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు. రక్తం తక్కువున్న ఆడవాళ్ల రిపోర్టులో ఇది తప్పక గమనించాలి.

బీపీ దగ్గర ఇంకో పొరపాటు. మెషిన్ దగ్గర్నుంచి లేచొచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుట్టేస్తారు. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టండి. టీ తాగి అరగంట దాటాలి. పట్టీ చొక్కా మీద కాదు, చేతికే చుట్టాలి. 140/90 వస్తే నిమిషం ఆగి మళ్లీ తీయాలి, వేరే రోజు కూడా చూడాలి.

జవాబు 2: టైమ్ మార్చినా భయం పోదండీ. షుగర్ ఉందని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని కాంట్రాక్టు వాళ్ల బెంగ. రిపోర్టు కవర్ ఆ మనిషికే, కంపెనీకి పేర్లు లేని మొత్తం లెక్కలే అని ల్యాబ్‌తో ముందే రాయించుకోండి. ఫారం తెలుగు, హిందీ, ఒడియాల్లో ఉండాలి. చదువురానివాళ్లకు వాళ్ల భాష మనిషి చదివి చెప్పాలి, మేస్త్రీ మాత్రం వద్దు.

ప్రశ్న: ఎండలకు ఓఆర్‌ఎస్ కూడా ఇస్తున్నాం, ఆడవాళ్లు ముట్టట్లేదు.

జవాబు 2: బాత్రూం ఎంత దూరం? వెళ్లాలంటే ఎవర్ని అడగాలి? ముందు అది చూడండి. సూపర్‌వైజర్‌ని బతిమాలాల్సి వస్తే అసలు నీళ్లే తాగరు. లైన్‌కో రిలీవర్‌ని, అంటే కాసేపు వాళ్ల బదులు నిలబడే మనిషిని పెట్టండి. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి, అరలీటరు సీసాలో పోస్తే ఉప్పు రెట్టింపవుతుంది. 24 గంటలు దాటితే పారబోయాలి. బీపీ ఉన్నవాళ్లకు రోజూ అలవాటు చేయకండి. రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్లకు వేడి దగ్గర పని షిఫ్ట్ మొదట్లోనే ఇచ్చేయండి.

జవాబు 1: మనసు బాగోకపోతే మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కూడా అంటించండి. నోటీసు బోర్డు మీద కాదు, బాత్రూం తలుపు లోపలి వైపు. నలుగురి ముందు ఆ నంబరు ఎవరూ రాసుకోరు.