రోడ్ బైక్ చక్రాలు ఎవరి చేత కట్టించుకోవాలి? నల్లగొండ, పాలమూరు రైడర్ల చర్చ

పానగల్లు బాట, నల్లగొండ

నా రోడ్ బైక్‌తో కంపెనీ ఇచ్చిన చక్రాలలో ముందు 20, వెనుక 24 పుల్లలు (స్పోకులు) ఉన్నాయి. నా బరువు 88 కిలోలు. ఎక్కువగా నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, నాగార్జునసాగర్ వైపు తిరుగుతుంటాను. పెద్ద రోడ్డు బాగానే ఉన్నా ఊళ్ల దగ్గర స్పీడ్ బ్రేకర్లు, పక్క దారుల్లో గుంతలు చక్రాన్ని గట్టిగానే కొడతాయి. కొంతకాలంగా వెనుక చక్రం పుల్లలు తెగుతున్నాయి, అదీ ఎప్పుడూ చక్రం నడిమి హబ్బు దగ్గరి వంపులోనే. ఒకటి మార్పించి బెండు తీయిస్తే, కొన్నాళ్లకు మరొకటి తెగుతోంది. ఈ సీజన్‌లో 200, 300 కిలోమీటర్ల బ్రెవేలు (గడువు లోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు) చేయాలని ఉంది కాబట్టి రిమ్ము, హబ్బు, పుల్లలు విడివిడిగా ఎంచుకొని చేతితో కట్టించుకోవాలనుకుంటున్నాను. నాది రిమ్ బ్రేకు (రిమ్మునే పట్టి ఆపే బ్రేకు) బండి, వెనుక 130 మిల్లీమీటర్ల హబ్బు, 11 స్పీడ్ క్యాసెట్ (వెనుక చక్రం పళ్ల చక్రాల గుత్తి).

హైదరాబాద్‌లో కట్టేవారి దగ్గరికి వెళ్లవచ్చు, వేరే రాష్ట్రంలో పేరున్నవారి నుంచి కొరియర్‌లో తెప్పించుకోవచ్చు, లేదా మా ఊళ్లో ఏళ్లుగా మామూలు సైకిళ్ల చక్రాలు కడుతున్న ఉస్తాదునే అడగవచ్చు. ఈ ముగ్గురిలో ఒకరిని ఏ ఆధారంతో ఎంచుకోవాలి? పని ఒప్పజెప్పే ముందు వారిని ఏమేం అడగాలి? కట్టించుకున్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

పాలమూరు చక్రం, మహబూబ్‌నగర్

మనం వారిని ఏం అడగాలన్నది తరువాతి మాట; వారు మనల్ని ఏం అడుగుతారో ముందు గమనించండి. బరువు ఎంత, టైరు ఎంత వెడల్పు, ఏ రోడ్ల మీద తొక్కుతారు, బ్రేకు ఏ రకం, వెనుక సామాను కడతారా అని అడిగిన తరువాతే రిమ్ము గురించి మాట్లాడేవారిని నేను నమ్ముతాను. ఇవేవీ తెలుసుకోకుండానే ఒక రిమ్ము పేరు చెప్పి, అది తేలిక అని మొదలుపెట్టేవారి పనితనం ఎంత గొప్పదైనా, ఆ చక్రం మీ కోసం కట్టినది కాదు.

మీ పుల్లలు వంపులోనే ఎందుకు తెగుతున్నాయో చెబుతాను. చక్రం తిరిగిన ప్రతిసారీ నేలను ఆనే చోట ఉన్న పుల్లల బిగువు కాస్త తగ్గి, పైకి రాగానే మళ్లీ పెరుగుతుంది. బిగువు మొదటి నుంచీ తక్కువగానో, ఒక్కో పుల్లకు ఒక్కో రకంగానో ఉంటే ఈ హెచ్చుతగ్గులకు లోహం అలసిపోతుంది, ఆ అలసట వంపు దగ్గరే బయటపడుతుంది. ఒకటి తెగేసరికి మిగిలినవి కూడా అదే వయసులో, అదే స్థితిలో ఉంటాయి. అందుకే ఒక్కొక్కటీ మార్చినా మీకు ఫలితం కనిపించడం లేదు.

వెనుక చక్రానికి మరో ఇబ్బంది కూడా ఉంది. కుడివైపు క్యాసెట్‌కు చోటు కావాలి కాబట్టి హబ్బు అంచు మధ్యకు జరిగి ఉంటుంది, కుడి పుల్లలు దాదాపు నిటారుగా నిలుస్తాయి. రిమ్ము ఫ్రేము మధ్యలో నిలవాలంటే వాటిని ఎక్కువ బిగించాలి. ఎడమవైపు బిగువు సుమారు సగానికి పడిపోతుంది. కుడివైపు 120 కిలోల దాకా బిగిస్తే, ఎడమవైపు 60 దరిదాపుల్లో ఉండటం మామూలే. ఆ ఎడమ పుల్లలే వదులై తిరిగిపోతుంటాయి. రిమ్ము రంధ్రాలు మధ్యగీత నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు ఉండే రిమ్ములు దొరుకుతాయి, వాటితో ఎడమ బిగువు కొంత పెరుగుతుంది. ఈ సంగతి మీరు కదపకముందే కట్టేవారు ప్రస్తావిస్తే, వారికి పని తెలుసునని అర్థం.

ప్రతి రిమ్ముకూ తయారీదారు ఒక గరిష్ఠ బిగువు చెబుతాడు. ఆ అంకె ఎంత, చక్రం ఎంతకు కట్టారు, ఒకే వైపు పుల్లల మధ్య తేడా ఎంత అని అడిగి, కొలతలు రాసి ఇమ్మనండి. మంచి పనివారు టెన్షన్ మీటర్ (పుల్ల బిగువు కొలిచే పరికరం) కొలతలు రాసి ఇవ్వడానికి వెనుకాడరు.

సైకిల్ టాక్సీ వారసుడు, మిర్యాలగూడ

మా నాన్నగారిది సైకిల్ టాక్సీ, ఇప్పటికీ ఆ దుకాణం నేనే నడుపుతున్నాను. మా ఊరి ఉస్తాదుల గురించి నేను చెప్పవలసినది ఉంది.

మామూలు రోడ్‌స్టర్ సైకిలుకు ముందు 32, వెనుక 40 పుల్లలు ఉంటాయి. అలాంటి చక్రాలు జీవితమంతా కట్టిన చేతికి మూడు అడ్డాల అల్లిక (ఒక్కో పుల్ల మరో మూడింటిని దాటే అల్లిక) కొత్త కాదు. బండిని తలకిందులు చేసి, ఫ్రేమునే స్టాండుగా పెట్టుకొని, సుద్దముక్క ఆనించి బెండు ఎక్కడుందో కనిపెట్టడం వారికి చిన్నప్పటి నుంచీ ఉన్న విద్య. బిగువును చెవితో పోలుస్తారు: వీణ తీగను మీటినట్టు పుల్లను మీటితే, ఎక్కువ బిగిసినది సన్నగా, తక్కువ బిగిసినది బొంగురుగా పలుకుతుంది. ఒకే వైపు, ఒకే పొడవు, ఒకే మందం ఉన్న పుల్లల మధ్య తేడాను పట్టుకోవడానికి ఇది పనికొచ్చే పద్ధతే. కుడివైపు ధ్వనిని ఎడమవైపుతో మాత్రం పోల్చకూడదు.

అయితే చెవి పోలిక చెబుతుంది కానీ అంకె చెప్పదు. గోడలు పలుచగా ఉండే రోడ్ రిమ్ముకు పరిమితి దాటి బిగిస్తే నిప్పుల్ (పుల్లను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) రంధ్రం చుట్టూ చీలికలు వస్తాయి. పాత ఇనుప రిమ్ము సహించే పొరపాట్లను అల్యూమినియం రిమ్ము సహించదు. ఇక పొడవు సంగతి. మా బజారులో దొరికే పుల్లలు పాత సైజు చక్రాలకు చేసినవి. మీ 700సీ (రోడ్ బైకుల మామూలు సైజు) రిమ్ముకు లోపలి కొలత, హబ్బు అంచు వ్యాసం, అంచుల మధ్య దూరం, అల్లిక, ఇవన్నీ లెక్కవేసి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపు తేడాతో పొడవు నిర్ణయించాలి. కుడి, ఎడమ పొడవులు కూడా వేరుగా వస్తాయి. పుల్ల పొట్టిదైతే నిప్పుల్ తల దాకా మరలు చేరవు, అక్కడే నిప్పుల్ విరుగుతుంది.

కాబట్టి నా సలహా ఇది: చక్రం కట్టించడం లెక్కలు, మీటరు ఉన్నవారి చేత చేయించండి. కానీ ఆ తరువాత దానిని కాపాడేది మీ ఊరి ఉస్తాదే కాబట్టి, ఆయన చేతికి అందే సామానుతోనే కట్టించండి. వంపు ఉన్న మామూలు గుండ్రటి స్టీలు పుల్లలు, ఇత్తడి నిప్పుళ్లు, 28 లేదా 32 రంధ్రాలు. అల్యూమినియం నిప్పుల్ తేలికే, కానీ కొంతకాలానికి పట్టేసి, కీ వేస్తే మూలలు అరిగి గుండ్రమవుతుంది.

జడ్చర్ల రైడర్, జడ్చర్ల

నాది డిస్క్ బ్రేకు బండి, నా బరువు 52 కిలోలు. వేరే రాష్ట్రంలో కట్టేవారి దగ్గరి నుంచి ముందు 24, వెనుక 24 పుల్లల చక్రాలు కొరియర్‌లో తెప్పించుకున్నాను. నా బరువుకు అవి చాలినంత గట్టివి, ఆ లెక్క వారు సరిగానే వేశారు. డిస్క్ బ్రేకు పట్టినప్పుడు బలం హబ్బు నుంచి పుల్లల మీదుగా రిమ్ముకు వెళుతుంది కాబట్టి ముందు చక్రంలో కూడా పుల్లలు ఒకదానినొకటి దాటని సూటి అల్లిక వద్దని, అడ్డాల అల్లికే ఉండాలని వారే చెప్పారు.

పెట్టె విప్పినప్పుడు చక్రం నిక్కచ్చిగా తిరిగింది. కానీ మొదటి రైడ్‌లోనే టంగు టంగుమని చప్పుళ్లు వచ్చాయి, ఇంటికి వచ్చి చూస్తే బెండు కనిపించింది. నిప్పుల్ బిగించేటప్పుడు సన్నటి పుల్ల తానూ మెలితిరుగుతుంది. కట్టేవారు ప్రతి మలుపు తరువాత కాస్త వెనక్కి తిప్పి ఆ మెలిక విప్పాలి. తరువాత జంట పుల్లలను చేతులతో గట్టిగా పిండి, వంపులు హబ్బులో కుదురుకునేలా చేయాలి. ఈ పని తొందరలో వదిలేస్తే, ఆ మెలికలు రోడ్డు మీద విడిపోతాయి, చక్రం వంకరపోతుంది. ఫోన్‌లో మాట్లాడితే తిరిగి పంపమన్నారు. పంపితే వారాల తరబడి బండి మూలన పడుతుంది, అందుకని హైదరాబాద్‌లో మరొకరి చేత మళ్లీ సర్దించుకున్నాను, అప్పటి నుంచి ఇబ్బంది లేదు.

అందువల్ల నేను అడగమనే ప్రశ్న ఒక్కటే: కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మొదటి సర్దుబాటు ఎవరు చేస్తారు, ఎక్కడ చేస్తారు, దానికి విడిగా డబ్బు తీసుకుంటారా? నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు చక్రం పట్టుకొని బస్సులో పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. ఆ వీలు కొరియర్‌కు లేదు.

ఇంకో విషయం. టైరులో గాలి నిండగానే పుల్లల బిగువు కొంత తగ్గుతుంది. మీకు రాసి ఇచ్చే కొలతలు టైరు లేకుండా తీసినవా, ఎక్కించాక తీసినవా అని కనుక్కోండి. ట్యూబ్‌లెస్ పెట్టించుకుంటే, నిప్పుల్ మార్చాలన్నా రిమ్ము లోపలి టేపు ఊడదీయాల్సిందేనన్నది కూడా మనసులో పెట్టుకోండి.

ఘాట్ దారి, అచ్చంపేట

పైవారు చెప్పిన దానితో ఏకీభవిస్తూ, రిమ్ము గురించి మాత్రం రాస్తున్నాను. మాకు శ్రీశైలం దారి ఉంది. మన్ననూరు నుంచి అడవిలో సాగి, దోమలపెంట దాటాక ఆనకట్ట వైపు దిగే మలుపుల్లో బ్రేకు పట్టుకునే ఉండాలి. రిమ్ బ్రేకు బండికి కార్బన్ రిమ్ము వేస్తే, అలాంటి దిగుడులో వేడి బయటికి పోక రిమ్ములోని జిగురు మెత్తబడే ప్రమాదం ఉంది. 88 కిలోల మనిషికి, రిమ్ బ్రేకుకు, అల్యూమినియం రిమ్మే సరి. ఎవరైనా కార్బన్ కొనమని ఒత్తిడి చేస్తే, ఘాట్ దిగుడు గురించి వారి సమాధానం వినండి.

అల్యూమినియం రిమ్ముకు బ్రేకు గోడ అరుగుతుంది, ముఖ్యంగా వానాకాలం మట్టిలో. చాలా రిమ్ములకు అరుగుదల చూపే చిన్న గుంట ఉంటుంది. అది కనిపించకుండా పోతే రిమ్ము మార్చాలి. అప్పుడు అదే లోపలి కొలత ఉన్న రిమ్ము దొరికితే, పుల్లల పొడవు లెక్క మారదు, హబ్బు ఎలాగూ నిలుస్తుంది. డబ్బు పెట్టదలచుకుంటే మంచి హబ్బు మీద పెట్టమని అందుకే అంటాను.

పానగల్లు బాట, నల్లగొండ

అందరికీ కృతజ్ఞతలు. కొరియర్ ఆలోచన మానుకున్నాను. హైదరాబాద్‌లో ఇద్దరితో మాట్లాడాను. ఒకరు బరువు అడగకుండానే 24 పుల్లల వెనుక చక్రం ధర చెప్పారు. మరొకరు నా పాత చక్రం, తెగిన పుల్లలు కూడా తెమ్మన్నారు; తెగిన చోటు చూస్తే కారణం తెలుస్తుందన్నారు. రెండవవారి దగ్గరే ఖాయం చేసుకుంటున్నాను. వారు వెనుక 32 మూడు అడ్డాలు, మధ్య సన్నబడిన 2.0, 1.8 మిల్లీమీటర్ల పుల్లలు, ముందు 28 అంటున్నారు. ముందు కూడా 32 పెట్టించుకోవాలా? బ్రెవేకు పుల్లలు విడిగా ఏమేం తీసుకెళ్లాలి?

పాలమూరు చక్రం, మహబూబ్‌నగర్

ముందు 28 చాలు. బరువులో ఎక్కువ భాగం వెనుక చక్రం మీదే పడుతుంది, పైగా రిమ్ బ్రేకు ముందు చక్రంలో రెండు వైపులా బిగువు సమానంగా ఉంటుంది. వెనుక 32 ఉండటంలో లాభం ఏమిటంటే, దారిలో ఒకటి తెగినా మిగిలినవి చక్రాన్ని నిలబెడతాయి. బ్రేకు కాస్త వదులు చేసుకొని ముందుకు సాగవచ్చు. 24 పుల్లల చక్రంలో ఒకటి తెగితే రిమ్ము ఫ్రేముకే రాసుకోవచ్చు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు గడువు ఉన్నప్పుడు, రోడ్డు పక్కన పోయే ప్రతి అరగంటా భారమే.

కొత్త హబ్బు 11 స్పీడ్ క్యాసెట్‌కు సరిపోయేదేనని డబ్బు కట్టే ముందు సరిచూసుకోండి. షిమానో రోడ్ హబ్బుల్లో పాత 10 స్పీడ్ ఫ్రీహబ్ (హబ్బులో క్యాసెట్ ఎక్కే భాగం) 1.85 మిల్లీమీటర్లు పొట్టిది, దాని మీద మామూలు రోడ్ 11 స్పీడ్ క్యాసెట్ కూర్చోదు.

సైకిల్ టాక్సీ వారసుడు, మిర్యాలగూడ

విడి పుల్లలు మూడు పొడవుల్లో అడగండి: ముందువి, వెనుక కుడివి, వెనుక ఎడమవి. ఒక్కో రకం రెండేసి, వాటికి నిప్పుళ్లు. ఫ్రేము కింది గొట్టానికి టేపుతో అతికించుకుంటే బరువే తెలియదు. కుడివైపు పుల్ల తెగితే క్యాసెట్ ఊడదీయనిదే కొత్తది ఎక్కదు. దానికి కావలసిన లాక్‌రింగ్ టూలు, చైన్ విప్ అనే పనిముట్లు మన చిన్న ఊళ్ల దుకాణాల్లో ఉండవు. అందుకని కెవ్లార్ అనే గట్టి నారతో చేసిన తాడుతో చేసిన అత్యవసర పుల్ల ఒకటి కొనుక్కోండి, దానిని క్యాసెట్ తీయకుండానే కట్టవచ్చు.

చక్రం తెచ్చుకున్నాక ఒకసారి మిర్యాలగూడ రండి. కొలతల కాగితం తీసుకురండి, నిప్పుల్ సైజుకు సరిపోయే కీ కూడా తెచ్చుకోండి. మన దగ్గర పాత సైజు కీలే ఎక్కువ, అవి వదులుగా పట్టి కొత్త నిప్పుల్‌ను పాడు చేస్తాయి. మీ ఊరి ఉస్తాదుకు కూడా అలాంటి కీ ఒకటి కొని ఇవ్వండి.